శాతం చూసి బ్యాటరీని తిట్టకండి

సంపాదకులు గారికి, నమస్కారం.

యాసిడ్ బ్యాటరీ తీసేసి లిథియం పెట్టించుకున్న వాళ్ల నోట తిరిగి తిరిగి మూడే ఫిర్యాదులు వినపడుతున్నాయి. "ఫోన్‌లో బ్యాటరీ యాప్ 70 శాతం చూపిస్తూనే లైట్లు ఆరిపోయాయండి." "పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఛార్జింగ్ పెట్టినా 80 దాటట్లేదండి." "వారం రోజులుగా నూరే చూపించింది, ఇవాళ ఉన్నట్టుండి చచ్చిపోయిందండి." కారు వెనక తగిలించుకునే ట్రైలర్ ఇల్లు కావచ్చు, టెంపోలో పడకలు వేసి తయారుచేసిన క్యారవాన్ కావచ్చు, దిండి వైపు తిరిగే హౌస్‌బోటు కావచ్చు, రొయ్యల చెరువు గట్టు మీద కాపలా పాక కావచ్చు. అన్నిట్లో ఉండేది అదే 12 వోల్టుల సరంజామా, వచ్చేది అవే జబ్బులు. కొట్టుకి తీసుకెళ్తే "బ్యాటరీ పోయింది, కొత్తది వేసుకోండి" అంటారు. మూడొంతులు బ్యాటరీ పోదు. ఛార్జింగ్ ఎక్కించే డబ్బాలోనో, మధ్యలో ఉన్న వైరులోనో, శాతం లెక్కగట్టే మీటరులోనో తప్పు ఉంటుంది. 2027లో గోదావరి పుష్కరాలు. బండిలోనే వంటా పడకా పెట్టుకుని వచ్చేవాళ్లు, టిఫిన్ బండ్ల వాళ్లు ముందునుంచే బ్యాటరీలు మార్చుకుంటారు. ఈ పని చేసేవాళ్లుగా మాకు తెలిసింది మీ పాఠకులకు చెప్పాలని రాస్తున్నాం. ఉత్తరం పొడుగైతే మన్నించండి, వోల్టుల్లో చెప్పకపోతే దీనికి ప్రయోజనం లేదు.

బండ్లలో పెట్టేది ఎక్కువగా లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం. 3.2 వోల్టుల సెల్లులు నాలుగు వరసగా ఉంటాయి, మొత్తం 12.8. నిండా ఎక్కించేటప్పుడు 14.2 నుంచి 14.6 దాకా వెళ్తుంది. ఛార్జర్ తీసేసి కొన్ని గంటలు వదిలేస్తే 13.4 దగ్గరకో 13.5 దగ్గరకో దిగి ఆగుతుంది. అక్కణ్నుంచే చిక్కు. 70 శాతం దగ్గర సుమారు 13.2, 30 శాతం దగ్గర సుమారు 13.0. బ్యాటరీలో నలభై శాతం ఖాళీ అయినా వోల్టేజీలో వచ్చే తేడా 0.2 మాత్రమే. మామూలు మల్టీమీటరు ఇటూ అటూ 0.1 దాకా తప్పు చూపించగలదు. ఇక 13.1 అని కనపడితే అది 35 శాతమో 65 శాతమో ఎవరు చెప్పగలరు? పల్లపు కాలువలో నీళ్లు ఎటు పారుతున్నాయో గట్టు మీద నిలబడి చూస్తే తెలియదు కదా, ఎగువ లాకు దగ్గర ఎంత వదిలారో, మధ్యలో తూములు ఎంత తీసుకున్నాయో లెక్క రాసుకున్నవాడికే తెలుస్తుంది. ఇదీ అంతే.

యాసిడ్ బ్యాటరీ మెరకలాంటిది. నిండుగా ఉంటే 12.7, సగానికి 12.2, అడుగంటితే 11.8. వాలు ఉంది కాబట్టి వోల్టు చూసి శాతం చెప్పొచ్చు. పాత ట్రైలర్లలో, ఇన్వర్టర్లలో వచ్చే నాలుగు లైట్ల ప్యానెల్ ఆ వాలుకు కట్టింది. 12.7 దాటితే నాలుగు లైట్లూ వెలుగుతాయి. లిథియంకు 12.7 అంటే అడుగున 10, 15 శాతం మిగిలినట్టు. అందుకే ఆ ప్యానెల్ నాలుగు లైట్లూ చూపిస్తూ చూపిస్తూ ఒక్కసారిగా ఆరిపోతుంది. ప్యానెల్ చెడిపోలేదు, దాని బడి వేరు. ఆ లైట్ల మీద నల్ల టేపు అంటించేస్తే సగం గొడవ తీరుతుంది.

ఇక ఛార్జర్. ట్రైలర్లలో కంపెనీ నుంచే వచ్చే పాత కన్వర్టర్లు చాలావాటికి 13.6 వోల్టుల దగ్గర ఒకటే మెట్టు. దానితో లిథియం ఎక్కదని కాదు, ఎక్కుతుంది, కాని పై భాగం నత్తనడక నడుస్తుంది. అసలు నష్టం వేరే ఉంది. సెల్లులు నాలుగింటినీ సమం చేసే పనిని లోపలున్న బీఎంఎస్ (సెల్లులను కాపలా కాసే బోర్డు) సాధారణంగా సెల్లు 3.4, 3.5 వోల్టులు దాటాకే మొదలుపెడుతుంది. 13.6 దగ్గర సెల్లు 3.4 దగ్గరే ఆగుతుంది. నెలల తరబడి అలా వాడితే ఒక సెల్లు ముందు, ఒక సెల్లు వెనక అయిపోతాయి. ఇంటి ఇన్వర్టర్ల సంగతి దీనికి తిరగబడింది. ట్యూబులర్ యాసిడ్ బ్యాటరీకి పెట్టిన సెట్టింగు అలాగే ఉంచితే, కొన్ని ఇన్వర్టర్లు నెలకోసారి ఈక్వలైజింగ్ పేరుతో 15.5 దాకా తోస్తాయి. యాసిడ్ బ్యాటరీలో అది ప్లేట్లకు మందు. లిథియంలో సెల్లు 3.65 దాటగానే బీఎంఎస్ తలుపు మూసేస్తుంది. ఛార్జింగ్ ఠక్కున ఆగుతుంది, మనం "ఎక్కట్లేదు" అంటాం. డీసల్ఫేషన్ అనే బటన్ ఉంటే దాని జోలికి పోవద్దు.

సెట్టింగులు ఇలా ఉండాలి. బల్క్, అబ్సార్ప్షన్ (వేగంగా ఎక్కించే మెట్టు, చివర నింపే మెట్టు) 14.2 లేక 14.4. ఆ వోల్టేజీ దగ్గర నిలిపే సమయం వంద ఆంపియర్-అవర్ (ఒక ఆంపు చొప్పున వంద గంటలు ఇచ్చే) బ్యాటరీకి అరగంట చాలు, గంట దాటనక్కర్లేదు. ఫ్లోట్ (నిండాక నిలిపి ఉంచే వోల్టేజీ) 13.4 లేక 13.5, ఆపేసే వీలుంటే ఇంకా మంచిది. ఈక్వలైజింగ్ బంద్. టెంపరేచర్ కాంపెన్సేషన్ సున్నా. ఈ చివరిది మన ఊళ్లలో ఎవరూ పట్టించుకోరు, మనకే ఎక్కువ అవసరం. యాసిడ్ ఛార్జర్ వేడి పెరిగేకొద్దీ వోల్టేజీ తగ్గిస్తుంది, 25 డిగ్రీల పైన ఒక్కో డిగ్రీకి సెల్లుకు 3 మిల్లీవోల్టులో అంతకంటే ఎక్కువో. ఆరు సెల్లులకు 18. మే నెలలో రేకుల షెడ్డులో నిలబెట్టిన బండి లోపల 40 డిగ్రీలు ఉంటే 14.4 కాస్తా 14.13 అయిపోతుంది. కాంపెన్సేషన్ 5 మిల్లీవోల్టులుగా ఉన్న ఛార్జర్ అయితే 13.95. బ్యాటరీ దాదాపు నిండుతుంది, కాని శాతం చూపే మీటరుకు "14.2 వస్తేనే నిండినట్టు" అని చెప్పి ఉంటే అది ఎప్పటికీ నిండినట్టు ఒప్పుకోదు. ఎండాకాలంలో 90 దగ్గర ఆగిపోయి వానాకాలంలో బాగైపోయే బ్యాటరీల వెనక ఉన్న మాయ ఇదే.

సెట్టింగు సరిగా ఉన్నా బ్యాటరీ దాకా ఆ వోల్టేజీ చేరాలి కదా. ఛార్జర్ ఒక మూల, బ్యాటరీ ఇంకో మూల, మధ్యలో 3 మీటర్లు. పోను రాను వైరు 6 మీటర్లు. 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు వేస్తే దాని రెసిస్టెన్స్ సుమారు 28 మిల్లీ ఓములు, 20 ఆంపులు పారితే 0.55 వోల్టు దారిలోనే పోతుంది. ఛార్జర్ తన దగ్గర 14.4 చూసుకుని "అయిపోవచ్చింది" అని కరెంటు తగ్గించడం మొదలుపెడుతుంది, బ్యాటరీ దగ్గర అప్పటికి 13.85 కూడా లేదు. కరెంటు తగ్గితే దారిలో పోయేదీ తగ్గుతుంది కాబట్టి ఎప్పటికో చేరుకుంటుంది, ఈలోపు ఛార్జర్ టైమరు ముగిసి ఫ్లోట్‌లోకి దిగిపోతుంది. అదే దూరానికి 16 స్క్వేర్ ఎంఎం వేస్తే పోయేది 0.14 వోల్టే. వైరు కొనేటప్పుడు చివర బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా ఉంటే అది రాగి పూసిన అల్యూమినియం, రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు. కిలో లెక్కన చవగ్గా వచ్చిందని మురిసిపోయి తర్వాత బ్యాటరీ మీద నింద వేస్తారు.

వైరు కంటే ఎక్కువగా ముంచేవి లగ్గులు, అంటే వైరు చివర బిగించే లోహపు తొడుగులు. అంతర్వేది, ఓడలరేవు వైపు, ఉప్పునీటి చెరువుల పక్కన మామూలు రాగి లగ్గు రెండు వానాకాలాలు గడిచేసరికి పచ్చబడుతుంది. కంటికి కనపడకముందే మీటరుకు కనపడుతుంది. మల్టీమీటరును డీసీ మిల్లీవోల్టులలో పెట్టండి. ఛార్జింగ్ 20 ఆంపులు పారుతుండగా ఒక ప్రోబు బ్యాటరీ టెర్మినల్ లోహం మీద, ఇంకోటి దానికి బిగించిన లగ్గు మీద ఆనించండి. 2, 3 మిల్లీవోల్టులు ఉంటే మంచిది. 30, 40 చూపిస్తే ఆ జాయింటు ఊడదీసి, ఎమెరీ కాగితంతో రుద్ది, ఆరబెట్టి, బ్యాటరీ కాగితంలో చెప్పినంత బిగువుతో బిగించాలి. వ్యాజ్‌లిన్ రాసేది బిగించాక పైనే. రెండు లోహాల మధ్య రాసి బిగించేవాళ్లున్నారు, అది పద్ధతి కాదు. ఫ్యూజుకు ఇటూ అటూ, ఐసొలేటర్ స్విచ్చికి ఇటూ అటూ ఇదే పరీక్ష చేయండి. చవక బ్రేకర్లలో ఒక్కోసారి 0.1 వోల్టు మాయమవుతుంది. లగ్గులు తగరపు పూత ఉన్నవే వాడాలి. ఇది సముద్రం దగ్గరి ఊళ్లకు సలహా కాదు, తప్పనిసరి.

ఇప్పుడు శాతం దగ్గరికి వద్దాం. తెర మీద కనపడే శాతం కొలత కాదు, పద్దు. లోపలికి ఎన్ని ఆంపులు ఎంతసేపు వచ్చాయి, బయటికి ఎన్ని పోయాయి అని కూడికా తీసివేతా చేసుకుంటూ పోయే చిట్టా. ఆ లెక్క రాసే గుమాస్తా పేరు షంటు. 500 ఆంపులకు 50 మిల్లీవోల్టులు ఇచ్చే లోహపు ముక్క, బ్యాటరీ మైనస్సు దగ్గర ఉంటుంది. తన మీదుగా పోయినదాన్నే అది లెక్కిస్తుంది, పక్క దోవన పోయినది దానికి తెలియదు. కాబట్టి బ్యాటరీ మైనస్సు టెర్మినల్ మీద ఒకే ఒక్క వైరు ఉండాలి, అది షంటుకు పోవాలి. ఇన్వర్టర్ మైనస్సు, సోలార్ కంట్రోలర్ మైనస్సు, ఛార్జర్ మైనస్సు, బండి ఛాసిస్‌కు పోయే ఎర్తు వైరు, అన్నీ షంటు అవతలి వైపే. బిగించినవాడు చోటు చాలక ఏదో ఒకటి టెర్మినల్ మీదే తగిలించి పోతాడు.

ఏది తగిలించాడో జబ్బు లక్షణాన్ని బట్టి చెప్పేయొచ్చు. సోలార్ మైనస్సు నేరుగా బ్యాటరీకి ఉంటే వచ్చేది లెక్కలోకి రాదు, పోయేదే రాస్తుంది. శాతం రోజురోజుకీ దిగిపోతుంది, బ్యాటరీ మాత్రం నిండుగా ఉంటుంది. ఇన్వర్టర్ మైనస్సు నేరుగా ఉంటే పోయేది లెక్కలోకి రాదు. ఎప్పుడూ నూరే, ఒకరోజు చీకటి. ఛాసిస్ ఎర్తు పక్కదోవన ఉంటే ఫ్యాన్లూ లైట్లూ లెక్కకు రావు, ఇన్వర్టర్ లోడు వస్తుంది, శాతం సగం నిజం చెబుతుంది. ఇదే అన్నిటికంటే పట్టుకోవడం కష్టం. ఛార్జింగ్ పెట్టినప్పుడు తెర మీద మైనస్ గుర్తు కనపడితే షంటు తిరగేసి బిగించారు.

పరీక్ష చేయడానికి పెద్ద సామాను అక్కర్లేదు. అన్నీ ఆపేయండి. తెర మీద 0.0 ఉండాలి. 0.2, 0.3 ఏదైనా కనపడితే అది నిజంగా పారుతున్నదో, మీటరు సున్నా తప్పిందో తేల్చాలి. షంటు అవతలి వైపు వైర్లన్నీ విప్పేసి చూస్తే, ఇంకా కనపడితే మీటరు తప్పు, సున్నా సరిచేసే మెనూ ఉంటుంది. తర్వాత వైర్లు బిగించి, పాత హెడ్‌లైట్ బల్బు ఒకటి 12 వోల్టుల మీద వెలిగించండి. సుమారు 5 ఆంపులు తీసుకోవాలి. తెర మీద అదే కనపడాలి, వైరు చుట్టూ తగిలించి కరెంటు కొలిచే డీసీ క్లాంప్ మీటరులోనూ అదే కనపడాలి. ఏసీ మాత్రమే చదివే క్లాంపులు బజారులో చాలా ఉన్నాయి, అవి బ్యాటరీ వైరు మీద పెడితే సున్నా చూపిస్తాయి, అది చూసి కంగారు పడకండి. డీసీ క్లాంపును వైరు మీద పెట్టే ముందు ఖాళీగా జీరో బటన్ నొక్కాలి, లేకపోతే అదీ అర ఆంపు అబద్ధం చెబుతుంది.

గుమాస్తా ఎంత నిజాయితీపరుడైనా రోజుకు కాసిని పైసలు తప్పుతాడు. అందుకని చిట్టాను ఎప్పటికప్పుడు ఒక నిజమైన గుర్తుకు కట్టాలి. ఆ గుర్తు "బ్యాటరీ నిండింది" అనే క్షణం. ఆ క్షణాన్ని గుర్తించడానికి మీటరులో మూడు అంకెలు పెడతాం. నిండినట్టు లెక్కించే వోల్టేజీ, తోక కరెంటు (నిండబోయేటప్పుడు చివరికి మిగిలే కొద్దిపాటి కరెంటు), ఎంతసేపు అలా ఉండాలో ఆ సమయం. వోల్టేజీ అంకె ఛార్జర్ అబ్సార్ప్షన్ కంటే 0.2 తక్కువ ఉండాలి. ఛార్జర్ 14.4 అయితే ఇక్కడ 14.2, ఛార్జర్ 14.2 అయితే ఇక్కడ 14.0. తోక కరెంటు 4 శాతం, వంద ఆంపియర్-అవర్‌కు 4 ఆంపులు. సమయం 3 నిమిషాలు. ఈ మూడూ కలిసినప్పుడే నూరుకు ఎగురుతుంది. రెండు వందల బ్యాటరీ పెట్టి మీటరులో వంద అనే ఉంచేసినవాళ్లు, పాత యాసిడ్ లెక్కన ఛార్జ్ ఎఫిషియెన్సీ 85 వదిలేసినవాళ్లు మాకు తరచూ తగులుతారు. లిథియంకు అది 99. 85 ఉంటే లోపలికి వచ్చిన వంద ఆంపియర్-అవర్లలో పదిహేను లెక్కలోంచి జారిపోతాయి, శాతం ఎప్పుడూ వెనకబడే ఉంటుంది. ప్యూకర్ట్ అంకె (కరెంటు వేగంగా లాగితే సత్తా ఎంత తగ్గుతుందో చెప్పేది) 1.05 చాలు, యాసిడ్‌కు పెట్టే 1.25 వద్దు.

సోలార్ ఒక్కటే ఉన్న బండిలో ఇంకో తమాషా. శ్రావణంలో మబ్బులు వస్తూ పోతూ ఉంటాయి. వోల్టేజీ 14.2 దగ్గర ఉండగా మబ్బు అడ్డొచ్చి కరెంటు 3 ఆంపులకు పడుతుంది. మీటరు దాన్ని తోక కరెంటు అనుకుని నూరు అని ప్రకటిస్తుంది, బ్యాటరీ ఇంకా 85 దగ్గరుంటుంది. నూరు చూపించిన రోజు రాత్రే లైట్లు పోతే అనుమానించాల్సింది దీన్నే. సమయం 3 నిమిషాల నుంచి 10కి పెంచండి, తోక కరెంటు 2 శాతానికి దించండి.

బ్యాటరీ లోపలి బీఎంఎస్ యాప్‌లో ఒక శాతం, షంటు మీటరులో ఇంకో శాతం కనపడితే ఏది నమ్మాలి? సరిగ్గా బిగించిన షంటునే. బీఎంఎస్‌లు చాలావాటికి చిన్న కరెంటు కంటికి ఆనదు. అర ఆంపు లోపు పారితే సున్నా అనుకుంటాయి. గ్యాస్ లీకు అలారం, మ్యూజిక్ సిస్టమ్ గడియారం, వైఫై డబ్బా కలిసి 0.3 ఆంపు తాగితే రోజుకు 7 ఆంపియర్-అవర్లు, పది రోజులకు 72. యాప్ మాత్రం నూరే అంటుంది. సంక్రాంతికి ప్రభల తీర్థం చూసొచ్చి బండిని షెడ్డులో పెట్టి, శివరాత్రికి తీసేసరికి బ్యాటరీ చచ్చి ఉండటానికి ఇదే కారణం. ఇన్వర్టర్ స్విచ్చి ఆన్‌లో మరిచిపోతే ఇక చెప్పనక్కర్లేదు. ఏ లోడూ లేకపోయినా 1 ఆంపు దాకా తాగేవి ఉన్నాయి, రోజుకు 24. నిలబెట్టే బండిలో బ్యాటరీని 50, 60 శాతం దగ్గర ఉంచి మైనస్సు ఊడదీసి పెట్టాలి. నిండా నింపి వేడిలో నెలలు ఉంచితే ఆయుష్షు తగ్గుతుంది.

అలా అడుగంటిన బ్యాటరీ మీద మల్టీమీటరు పెడితే సున్నా చూపించొచ్చు. చావలేదు, బీఎంఎస్ బయటి తలుపు మూసింది. సెల్లుల్లో ప్రాణం ఉంది. చాలా ఛార్జర్లకు ఎదుట వోల్టేజీ కనపడకపోతే బ్యాటరీ ఉన్నట్టే తెలియదు, ఛార్జింగ్ మొదలుపెట్టవు. సున్నా వోల్టు నుంచి లేపే లిథియం ఛార్జర్ ఉంటే అది తగిలించండి, లేదా మెకానిక్ దగ్గరి బెంచి సప్లయిలో 14 వోల్టులు, 2 ఆంపులకు కట్టేసి కొన్ని నిమిషాలు పెడితే తలుపు తెరుచుకుంటుంది. తెరుచుకున్నాక యాప్‌లో సెల్లులు చూడండి. ఏ సెల్లైనా 2 వోల్టుల కింద ఉండిపోయి ఉంటే దాన్ని ఎక్కించే సాహసం చేయొద్దు, పక్కన పెట్టేయాల్సిందే.

పై వైపు కూడా ఇలాగే తలుపు పడుతుంది. ఛార్జింగ్ 13.7 దగ్గరే ఆగిపోతోందంటే యాప్ తెరవండి. మూడు సెల్లులు 3.35, ఒకటి 3.65 ఉంటే జవాబు దొరికినట్టే. ఆ ఒక్క సెల్లు నిండిపోయి బీఎంఎస్‌ను ఆపేస్తోంది. సెల్లుల తేడాను సగం ఛార్జింగులో చూసి "అన్నీ సమానంగా ఉన్నాయి" అనుకోవద్దు, మధ్యలో అన్నీ ఒక్కలాగే కనపడతాయి, చివర్లోనే బండారం బయటపడేది. వైద్యం ఓపిక. ఛార్జర్‌ను 13.8కి దించి, 1, 2 ఆంపులతో ఒకటి రెండు రోజులు వదిలేయాలి. ఎత్తైన సెల్లునుంచి బీఎంఎస్ చాలావాటిలో 30 నుంచి 100 మిల్లీ ఆంపులే తీయగలదు. సెల్లుల మధ్య 2 ఆంపియర్-అవర్ల తేడా ఉంటే 50 మిల్లీ ఆంపుల లెక్కన 40 గంటలు. ఒక రాత్రి పెట్టి తగ్గలేదని వారంటీకి పరుగెత్తకండి. నాలుగైదు సార్లు చేసినా అదే సెల్లు మొదట ఎగిరి, ఖాళీ అయ్యేటప్పుడు కూడా అదే మొదట పడిపోతుంటే అప్పుడది నిజంగా నీరసించిన సెల్లు, అప్పుడు అడగండి.

వేడికీ తలుపు పడుతుంది. చాలా బ్యాటరీల కాగితంలో ఛార్జింగ్‌కు గరిష్ఠం 45 డిగ్రీలని ఉంటుంది. సీటు కింద గాలాడని పెట్టెలో, ఇన్వర్టర్ పక్కనే పెడితే మన ఎండల్లో మధ్యాహ్నం అది దాటుతుంది. సాయంత్రం చల్లబడగానే తనంతట తానే ఎక్కడం మొదలెడుతుంది. చలిదేశాల వాళ్లు సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ ఎక్కదని బాధపడతారు, అందుకు పెట్టే హీటరున్న బ్యాటరీకి మనం అదనంగా డబ్బు పోయనక్కర్లేదు.

బండి నడుస్తుండగా ఇంజను నుంచి ఎక్కించే వాళ్లకు ఒక మాట. ట్రైలర్‌కు పోయే ఏడు పిన్నుల ప్లగ్గులోని సన్న వైరు మీద వచ్చేది నాలుగైదు ఆంపులు, రాజమండ్రి నుంచి అంతర్వేది వచ్చేలోగా దాంతో ఏం నిండుతుంది? లావు వైరు వేసి నేరుగా కలిపేస్తే ఇంకా ప్రమాదం. లిథియం అడ్డూ అదుపూ లేకుండా లాగుతుంది, ఆల్టర్నేటర్ కాగిపోతుంది. పైగా మధ్యలో బీఎంఎస్ తలుపు మూస్తే ఆ కుదుపుకు డయోడ్లు కాలే వీలుంది. కొత్త బండ్లలో ఇంజను బ్యాటరీ నిండగానే ఆల్టర్నేటర్ వోల్టేజీ దించేసే రకాలున్నాయి, అప్పుడు లిథియంకు ఏమీ రాదు. ఇంజను వైపు వోల్టేజీ ఎలా ఉన్నా బ్యాటరీకి తగినంతే ఇచ్చే 20 లేక 30 ఆంపుల డీసీ-డీసీ ఛార్జర్ మధ్యలో పెట్టడం ఒక్కటే దారి. హౌస్‌బోటు డీజిల్ ఇంజనుకూ ఇదే మాట.

ఇవన్నీ సరిచేశాక కూడా అనుమానం ఉంటే బ్యాటరీ సత్తా కొలిచి చూడండి. 14.4 దగ్గర కరెంటు 4 ఆంపులకు దిగేదాకా ఎక్కించి, గంటసేపు వదిలి, ఇన్వర్టర్ మీద వంద వాట్ల పాత ఫిలమెంట్ బల్బులు రెండు వెలిగించండి. ఇన్వర్టర్ తినేది కలుపుకుని బ్యాటరీ నుంచి సుమారు 18 ఆంపులు పోతాయి, క్లాంపుతో చూసి రాసుకోండి. మంచి వంద ఆంపియర్-అవర్ బ్యాటరీ అయితే అయిదున్నర గంటలు వెలగాలి. నాలుగున్నర దగ్గర ఆరిపోతే 80 శాతం సత్తా మిగిలినట్టు. మూడు గంటలకే ఆరితే కొట్టుకి తీసుకెళ్లండి, రాసుకున్న కాగితం చేతిలో పట్టుకుని. ఆంపులూ గంటలూ రాసి చూపించినవాడికి "వాడకం ఎక్కువండి" అన్న జవాబు చెల్లదు.

అమ్మేవాళ్లను, బిగించేవాళ్లను ఒకటి కోరుతున్నాం. బ్యాటరీ పెట్టిన రోజున దాని పక్కనే ఒక కాగితం అంటించండి. ఛార్జర్ అబ్సార్ప్షన్ ఎంత, ఫ్లోట్ ఎంత, మీటరులో ఆంపియర్-అవర్లు ఎంత, నిండే వోల్టేజీ ఎంత, తోక కరెంటు ఎంత, ఫ్యూజు ఎన్ని ఆంపులు, బిగించిన తేదీ. ఏడు గీతలు. ఆ కాగితం లేకపోవడం వల్లే తర్వాత వచ్చిన ప్రతి మెకానిక్కూ తనకు తోచిన అంకె నొక్కి పోతున్నాడు. కొనేవాళ్లు ఆ కాగితం చేతికి వచ్చాకే మిగతా డబ్బు ఇవ్వండి.

లంక గ్రామాల వాళ్లకు ప్రత్యేకంగా ఒకటి. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చిన రోజే బ్యాటరీని 14.4 దాకా నింపి, శాతం నూరుకు కట్టుకోండి, తర్వాత కరెంటు ఎన్నాళ్లు పోతుందో తెలియదు కాబట్టి చిట్టా ఆ రోజు నిజమై ఉండాలి. నీళ్లు ఇంట్లోకి వచ్చేలా ఉంటే మైనస్సు విప్పి అటక మీదకో మంచం మీదకో చేర్చండి. ఒకవేళ వరద నీళ్లలో మునిగితే పైకి ఆరిపోయినట్టు కనపడినా మళ్లీ ఛార్జింగ్ పెట్టొద్దు. లోపలి బీఎంఎస్ బోర్డు మీద ఉప్పూ బురదా మిగిలి ఉంటాయి. ఇంట్లోంచి బయటికి తెచ్చి, పిల్లలకు దూరంగా, తాటాకు పాకకూ గడ్డివాముకూ ఎడంగా పెట్టి, అమ్మిన కొట్టువాళ్లకు కబురు చేయండి.

ఇట్లు,
బ్యాటరీ, ఇన్వర్టర్ పని చేసుకునే కొందరు మెకానిక్కులు,
కోనసీమ